పక్కపక్కన రెండు సుమోలు

ఆ శుక్రవారం పొద్దున పాలయ్య వేసుకున్న పథకంలో భయపడాల్సిన సంగతి ఒక్కటీ లేదు. తెల్లవారేసరికి ప్రొద్దుటూరు నుంచి మినీబస్సు వస్తుంది. గువ్వలకుంట మిషన్‌పేట యూత్ అంతా పాటలు పాడుకుంటూ ఎక్కుతుంది. రాత్రికి మద్రాసులో ఒక చర్చి హాల్లో నడుం వాలుస్తారు. మర్నాడు సముద్రం ఒడ్డునే పోయే రోడ్డు మీద మహాబలిపురం దాకా, ఓపికుంటే ఇంకాస్త అవతలికి పోయి, ఆదివారం ఆరాధన వేళకు పేటలో దిగుతారు. జమ్మలమడుగు సంత దాటి లోకం ఎరగని పిల్లలకు, ఒక పక్కంతా నీళ్లే ఉండే రోడ్డు చూపిస్తానని యూత్ సెక్రటరీ హోదాలో పాలయ్య క్రిస్మస్ నాడు మైకులో చెప్పాడు. మైకులో చెప్పిన మాట గనక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.

బస్సు రాలేదు. పాస్టరు అయ్యగారింట్లో ఫోను మాత్రం మోగింది. అవతల బస్సు ఓనరు ఏడుపు గొంతుతో ఉన్నాడు.

"పులివెందుల్లో పార్టీ మీటింగంట నాయనా. జిల్లాలో చక్రాలుండేటివన్నీ పట్టకపోయినారు. ఇయ్యనంటే బస్సూ ఉండదు, నేనూ ఉండను. ఏమనుకోవద్దు."

పాలయ్య బయటికి వచ్చేసరికి యూత్ అంతా కొత్తబట్టలతో, చద్దిమూటలతో, ఒక డోలక్‌తో రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఆడపిల్లలకు తోడుగా బయలుదేరిన అతని మేనత్త దీవెనమ్మ సంచి మీదే కూర్చుంది. ఆమె సండేస్కూలు టీచరు. దేవుడికి తప్ప ఇంకెవరికీ భయపడదని ఊళ్లో పేరు. అందరి మొహాలూ చూసి ఏం చెప్పాలో తెలియక పాలయ్య వాచీ చూసుకుంటూ ఉండగా, ఎగువీధి పెద్దాయన తెల్ల సుమో వచ్చి పక్కనే ఆగింది.

ఇక్కడ గువ్వలకుంట సంగతి కాస్త చెప్పాలి. ఆ ఊళ్లో ఇద్దరు పెద్దాయనలు. ఒకాయనది ఎగువీధి, ఒకాయనది దిగువీధి. ఒకాయన అధికారంలో ఉన్న పార్టీ అయితే రెండో ఆయన లేని పార్టీ. ఎన్నికల ముందు ఒకాయన కండువా మారిస్తే రెండో ఆయన కూడా మార్చేస్తాడు. ఏ పార్టీ అన్నది ముఖ్యం కాదు, ఇద్దరూ ఒకే దాంట్లో ఉండకూడదన్నది ముఖ్యం. వాళ్ల మధ్య ఎంతమంది పోయారో ఊళ్లో ఎవరూ బయటికి అనరు.

మిషన్‌పేట మాత్రం ఏ పక్కా కాదు. తాతల నాడు మిషన్ దొరలు గుడి కట్టించిన దగ్గర్నుంచి అంతే. దాన్ని నిలబెట్టుకోవడానికి అయ్యగారు పడే అవస్థ పగవాడికి కూడా వద్దు. క్రిస్మస్ కేకు ఒకే పెనంలో కాల్చి, సమంగా కోసి, రెండు వీధులకూ ఒకేసారి ఇద్దరు మనుషుల చేత పంపుతాడు. ఎగువీధి పెద్దాయన గుడికి ఫ్యాను ఇస్తే, దిగువీధి ఫ్యాను వచ్చేదాకా అది అట్టపెట్టెలోనే ఉంది. ఆ తర్వాత రెండింటినీ ఒకే స్విచ్చుకు కలిపించాడు, ఏదీ ముందు తిరగకుండా. ఇదంతా నవ్వులాట కాదు. పోయిన వేసవిలో పేట పక్కనే ఉన్న కుమ్మరిగేరి వీధివాళ్లు ఒక పెళ్లికి దిగువీధి షామియానా వాడుకున్నారు. వారం తిరక్కుండా వాళ్ల గడ్డివాములన్నీ బూడిదయ్యాయి. ఆ మంట పేటలోకి కనిపించింది. పాలయ్య దాన్ని చూశాడు గనక ఎగువీధి తెల్ల సుమో కనపడితే ఇప్పటికీ దారి మార్చుకుని పోతాడు.

సుమో డ్రైవరు ఓబులేసు తల బయటికి పెట్టాడు. "ఏందప్పా, మూటలూ ముల్లెలూ? యాడికి?"

పాలయ్య సంగతి చెప్పాడు. ఓబులేసు బండి తిప్పుకుని పోయాడు. అతను పోయినందుకు పాలయ్య దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ ఉండగానే తిరిగొచ్చాడు.

"పెద్దాయనకు చెప్పినా. పిల్లోల్లు సముద్రం చూడాలంటే మన బండి ల్యాదా అన్న్యాడు. ఎక్కండి."

పాలయ్య బండికేసీ పేటకేసీ చూశాడు. ఎక్కితే పేట ఎగువీధి పక్షం. ఎక్కకపోతే పెద్దాయనకు అవమానం. రెంటికీ చివర గడ్డివాములే. ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని వెతుక్కుని, "అందరం పట్టం కద మామా" అన్నాడు దీనంగా.

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది. గువ్వలకుంటలో మాటకు కాళ్లే కాదు, స్టీరింగు కూడా ఉంటుంది. ఓబులేసు బీడీ ముట్టించి అది ఆర్పేలోగా దిగువీధి వైపు నుంచి రెండో సుమో దుమ్ము రేపుకుంటూ వచ్చింది. డ్రైవరు మౌలాలి దిగనైనా దిగలేదు.

"అందురూ ఆ బండిలో పట్టరంట కదా. మా పెద్దాయన ఇది పంపిచ్చినాడు. సగం మంది ఇందులో ఎక్కండి."

అయ్యగారు పాలయ్యను గుడి వెనక్కి తీసుకుపోయాడు. "పోకుండా ఉండేదానికి ల్యాదు నాయనా. పో. అయితే సమానంగా పో. ఎక్కేటోళ్లు సమానం, పాడేది సమానం, నువ్వు కూసునేది సమానం. ఒక బండి పక్క మీరు యెంట్రుకంత ఒరిగినారని తెలిసినా, మీరొచ్చేతలికి ఈడ పేట ఉండదు. నాకు మాటియ్యి."

పాలయ్య మాటిచ్చాడు. ఆ క్షణం నుంచి అతనికి సముద్రం మీద ఆశ చచ్చిపోయింది. పేటలోని ఇళ్లన్నీ తన నెత్తి మీద పెట్టుకుని ప్రయాణం చేస్తున్నట్టు అనిపించింది.

మొదటి చిక్కు బండ్లు కదలకముందే వచ్చింది.

"పోనీ మామా" అన్నాడు పాలయ్య ఓబులేసుతో.

"ఆ బండిని ముందు పోనీ."

పాలయ్య మౌలాలి దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరినీ మామా అనే పిలవాలని అప్పటికే ఖాయం చేసుకున్నాడు. ఒకరిని అన్నా అనీ ఒకరిని మామా అనీ అంటే ఎవరు దగ్గరో లెక్క తీస్తారు. "మామా, నువ్వు ముందు పోతావా?"

"ముందు పోతే వాడు నా యెనక ఉంటాడు గదా?" మౌలాలి మెడ తడుముకున్నాడు. "పద్దెనిమిదేండ్ల నుంచి బండి తోల్తాండా. ఆ బండి యెనక పెట్టుకోని ఒక్క ఫర్లాంగు పోల్యా."

"అయితే యెనక రా మామా."

"వాని దుమ్ము మింగుకుంటా యెనక రావాల్నా? మా పెద్దాయన చూస్తే నాకు ఈ చెయ్యి ఉంటాదా?"

ఓబులేసుదీ సరిగ్గా అదే వాదన. ముందు పోతే ప్రాణభయం, వెనక పోతే పరువు పోతుంది. పాలయ్య రెండు కిటికీల మధ్య తిరిగి తిరిగి చెమటలు కక్కాడు. చివరికి దీవెనమ్మ సంచి మీద నుంచి లేచింది.

"ముందూ వద్దు, యెనకా వద్దు. పక్కపక్కన పోండి. రోడ్డు మీ ఇద్దురి అబ్బలదే కదా!"

తిట్టు అనుకుని అన్న మాటను డ్రైవర్లిద్దరూ తీర్పుగా తీసుకున్నారు. ఎవరూ తగ్గినట్టు కాదు, ఎవరి వెన్నూ ఎవరికీ కనపడదు. అలా గువ్వలకుంట మిషన్‌పేట యూత్ విహారయాత్ర రెండు సుమోల్లో, తారురోడ్డు మొత్తం ఆక్రమించుకుని, ఎడ్లజతలా బయలుదేరింది.

జమ్మలమడుగు దాటగానే ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. ఆ డ్రైవరు రెండు సుమోలనూ చూశాడు, నంబర్లు చూశాడు, హారన్ కూడా కొట్టకుండా బస్సును శనగచేలోకి దించేశాడు. లోపల జనం సీట్ల కింద దూరారు. "స్తోత్రం చెప్పండమ్మా" అని దీవెనమ్మ తన బండిలోని పిల్లలను పాట ఎత్తుకోమంది. అవతలి బండివాళ్లు ఊరుకుంటే సమానం తప్పుతుందని పాలయ్య కిటికీలోంచి వాళ్లకూ సైగ చేశాడు. రెండు బండ్లూ ఒకే పాట అందుకున్నాయి.

ప్రొద్దుటూరు బజారులో రెండు సుమోలు పక్కపక్కన రావడం చూసి బంగారు అంగళ్ల షట్టర్లు వరసగా దిగాయి. పకోడి బండివాడు కాగుతున్న నూనెను అలాగే వదిలేసి పరిగెత్తాడు. కానీ బండ్లు దగ్గరికి వచ్చాక జనానికి పాట వినపడింది. ఎగువీధి బండిలోనూ, దిగువీధి బండిలోనూ ఒకే పాట! ఒక తాళం! షట్టర్ల సందుల్లోంచి చూసినవాళ్ల నోళ్లు తెరుచుకున్నాయి. గువ్వలకుంటవాళ్లు కలిసిపోయారన్న వార్త అక్కడ పుట్టింది. సుమోలు కడప చేరేలోపే అది కడప చేరింది. కడపలో టీ తాగడానికి ఆగితే హోటలు ఓనరు స్వయంగా వచ్చి, "రాజీ అయినారంట, శానా సంతోషం" అని రెండు బండ్లకూ దండలు వేశాడు.

"ఏం రాజీ?" అన్నాడు ఓబులేసు, టీ గ్లాసు దింపి.

"ఎవురితో?" అన్నాడు మౌలాలి, తన గ్లాసు దింపి.

పాలయ్య మధ్యలో నిలబడి, "పాట గురించి మామా, పాట బాగుండాదంటాండాడు" అని కప్పేశాడు. రాజీ అనే మాట గువ్వలకుంట చేరితే ఇద్దరు పెద్దాయనలూ అవతలివాడే ఈ పుకారు లేపాడనుకుంటారు. ఇద్దరూ కోపగించుకోవడానికి మధ్యలో దొరికేది పేటే.

ఆ తర్వాత దారంతా వంతెనల గండం. ఇరుకు వంతెన వస్తే పక్కపక్కన పట్టవు. రెండు బండ్లూ ఆగిపోయేవి. ఒక బండి ముందు పోవాలంటే దాని వెనక సీట్లో పాలయ్య వెనక్కి తిరిగి కూర్చోవాలన్నది ఒప్పందం. సెక్రటరీ మొహం అడ్డం ఉంటే వెనకవాడు ఏమీ చేయడని నమ్మకం. ఒక వంతెనకు ఓబులేసు ముందు, ఇంకో వంతెనకు మౌలాలి ముందు. నదులూ వంకలూ దాటినప్పుడల్లా పాలయ్య అద్దంలోంచి వెనక డ్రైవరు మొహంకేసి చూస్తూ, ఆ చెయ్యి గేరు మీద నుంచి ఎక్కడికి పోతుందోనని వణికిపోయేవాడు. దేవుడు ఇన్ని నదులెందుకు చేశాడా అని ఆ రోజు మొదటిసారి విసుక్కున్నాడు. మద్రాసు చేరాక మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది. అక్కడ అందరూ పక్కపక్కనే పోతున్నారు.

రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి అయ్యగారికి ఫోన్ చేశాడు. 

"పాలయ్యా, ఏం చేసినార్రా? ఇద్దురు పెద్దాయనలూ రాజీ అయినారని జిల్లా అంతా తెలుసంట. వాళ్లిద్దరికే తెలీదు. పొద్దన్నుంచి ఇద్దురూ నన్ను పిలిచి అడుగుతాండారు, మీ పిల్లోల్లు ఏం పుకారు పెట్టినారని. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పోయేతలికి నా చెప్పు తెగిపాయ."

"ఏం చెయ్యమంటారు అయ్యగారూ?"

"బండ్లు విడిపోతే గొడవయిందంటారు. కలిసి పోతే రాజీ అంటారు. కలవొద్దు, విడిపోవద్దు" అని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

కలవకుండా విడిపోకుండా ఎలా ఉండాలో పాలయ్యకు ఆ రాత్రంతా ఆలోచించినా తెలియలేదు.

శనివారం పొద్దున ఆ రోడ్డెక్కారు. చెప్పొద్దూ, రోడ్డంటే అదే! ఒక పక్క సరుగుడు తోపులు, ఇసుక, ఇంకో పక్క కంటికి ఆనినంత దూరం నీలం. గాలికి ఉప్పు రుచి. పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. కానీ ఆ కేక ఎడమ పక్కన పోతున్న ఓబులేసు బండిలోంచి మాత్రమే వచ్చింది. కుడి పక్కన పోతున్న మౌలాలి బండివాళ్లకు సముద్రానికి అడ్డంగా ఓబులేసు బండి ఉంది.

"రేయ్ పాలయ్యా!" దీవెనమ్మ కిటికీలోంచి అరిచింది. "సముద్రం చూపిస్తానని పిల్చకచ్చి ఓబులేసు చెవి చూపిస్తాండావేంరా?"

పాలయ్య అప్పుడే లెక్క చూసుకున్నాడు. ఎగువీధి బండిలో ఎక్కినవాళ్లకు సముద్రం, దిగువీధి బండిలో ఎక్కినవాళ్లకు చెవి! ఇది ఊళ్లో తెలిస్తే ఇంకేముంది? బండ్లు ఆపించి పిల్లలందరినీ అటువాళ్లను ఇటూ, ఇటువాళ్లను అటూ మార్చాడు. కాసేపటికి మళ్లీ మార్చాడు. సముద్రం కన్నా ఎక్కువగా పిల్లలకు సుమో మెట్లే కనపడ్డాయి. డ్రైవర్లను అటూ ఇటూ మారమంటే ఓబులేసు అడ్డం తిరిగాడు. "అవతల పక్క లారీలు ఎదురొస్తాండాయి. ఆ పక్క నేను పోను."

"నేను పోతాండా కదా?" అన్నాడు మౌలాలి.

"నీకు భయం ల్యాదు, పో."

"ఎవురన్న్యారు ల్యాదని?" మౌలాలి మండిపడ్డాడు. "పొద్దన్నుంచి అల్లా అల్లా అనుకుంటా పోతాండా. నువ్వు కొంచెం జరగరాదా?"

"జరిగితే సముద్రంలో పడ్తా."

"ఈ ఊర్లో మనల్ని చూసేటోళ్లు ఎవురప్పా?" దీవెనమ్మ కసిరింది. "ఒకరు ముందు పోతే ఏం పుట్టి మునుగుతాది?"

"ఆయప్ప చూస్తాడు గదమ్మా" అన్నారు ఇద్దరూ, ఒకరినొకరు చూపించుకుంటూ.

ఒక చోట బీచి దగ్గర ఆపారు. పిల్లలంతా నీళ్లలోకి పరిగెత్తారు. డ్రైవర్లిద్దరూ బండ్ల మూతులు రోడ్డు వైపు తిప్పి పెట్టి, ఇసుకలో ఒకరికెదురుగా ఒకరు నిలబడ్డారు. జన్మలో మొదటిసారి సముద్రం దగ్గరికి వచ్చారు, కానీ అటు తిరిగితే అవతలివాడికి వీపు చూపించాలి. అందుకని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, సముద్రాన్ని చెవులతో వింటూ నిలబడ్డారు. పాలయ్యకు వాళ్లను చూస్తే మొదటిసారి భయం పోయి జాలేసింది.

దీవెనమ్మకు మాత్రం ఒళ్లు మండింది. ఇద్దరి చేతులూ పట్టుకుని బరబరా నీళ్లలోకి లాక్కుపోయింది. సరిగ్గా అప్పుడే ఎక్కడో పుట్టిన పెద్ద అల ఒకటి వచ్చి నడుముల దాకా కొట్టింది. కాళ్ల కింద ఇసుక జారింది. ఈత రాని ఓబులేసు చేతికందినదాన్ని గట్టిగా వాటేసుకున్నాడు. అది ఈత రాని మౌలాలి. అల వెనక్కి పోయేదాకా ఇద్దరూ కళ్లు మూసుకుని ఒకరినొకరు కరుచుకునే ఉన్నారు.

యూత్‌లో కెమెరా తెచ్చినవాడు ఏసయ్య ఒక్కడే. వాడు క్లిక్కుమనిపించాడు.

"ఫోటో తీసినావా?" ఓబులేసు నీళ్లలోంచి పరిగెత్తుకొచ్చాడు. "రేయ్, అది ఊర్లో ఎవురన్నా చూస్తే నా తల యాడుంటాదిరా?"

"నాది దాని పక్కనే ఉంటాది" అన్నాడు మౌలాలి. ఇద్దరూ కలిసి ఏసయ్య కెమెరా లాక్కుని, రీలు మొత్తం ఎండలోకి గుంజేశారు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఏకమై చేసిన పని అదొక్కటే.

మళ్లీ బయలుదేరి కాస్త దూరం పోయారో లేదో, పోలీసు జీపు అడ్డం వచ్చింది. రోడ్డు మొత్తం మూసుకుని వస్తున్న రెండు సుమోలను చూసి అందులోంచి ఎస్సై నెమ్మదిగా దిగాడు. నంబర్లు చూశాడు. వచ్చీరాని తెలుగులో, "ఏ ఊరు?" అన్నాడు.

"కడప జిల్లా సార్" అన్నాడు పాలయ్య.

ఎస్సై ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎందుకు ఇలా పక్కపక్క?"

పాలయ్యకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఇది ఒక వర్గం బండి సార్, అది ఇంకో వర్గం బండి. ముందు పోతే చంపుతారని భయం, యెనక పోతే పరువు పోతాదని భయం. అందుకని పక్కన పోతాండాం."

"ఎవరిని చంపడానికి వచ్చారు?"

"సముద్రం చూసేదానికి సార్."

కడప జిల్లా నుంచి రెండు వర్గాల సుమోలు సముద్రం చూడటానికి వచ్చాయంటే నమ్మడానికి ఆ ఎస్సై ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు కాదు. లోపల ఆడపిల్లలు, డోలక్, తెల్లచీర కట్టిన పెద్దమ్మ. ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంత జాగ్రత్తగా, ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఊరికి ఇంత దూరంగా వచ్చారంటే ఇవి రాజీ మంతనాలే. తన పరిధిలో ఏమీ జరగకూడదనుకుని జీపును ముందు పెట్టి, ఎర్రలైటు తిప్పుకుంటూ, రెండు సుమోలనూ వచ్చిన దారినే వెనక్కి తిప్పించి తన పొలిమేర దాటించాడు. దాటించి ఊరుకుంటే బాగుండేది. కడప పోలీసులకు వైర్‌లెస్‌లో కబురు కూడా పెట్టాడు. గువ్వలకుంట రెండు వర్గాలూ మా సముద్రం ఒడ్డున శాంతి చర్చలు జరుపుకుని క్షేమంగా తిరిగి వస్తున్నాయి అని. ఆ మాటలు చెవినబడగానే పాలయ్య అక్కడికక్కడే బండి టాపు మీద తల ఆనించాడు. పుకారయితే కాదనొచ్చు. ఇది పోలీసు మాట.

చీకటి పడ్డాక దారిలో బండ్లు ఆగిన చోట బూత్‌లోంచి అయ్యగారింటికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఆ ఇంట్లో ఫోను మోగితే ఎత్తకపోవడం పాలయ్య పుట్టి బుద్ధెరిగాక లేదు. అయ్యగారు పడుకునేదే ఫోను బల్ల పక్కన. కుమ్మరిగేరి మంట కళ్ల ముందు లేచింది. ఈసారి ఆ మంట తన ఇంటి పైకప్పు మీద ఉంది.

"ఎవురూ ఎత్తల్యా అత్తా" అన్నాడు బయటికి వచ్చి. దీవెనమ్మ పిల్లలను లెక్కపెట్టి బండ్లు ఎక్కించింది. పిల్లలు పాట మానేశారు. తిరుగు దారిలో ఏ వంతెన దగ్గరా ఏ డ్రైవరూ ఆగలేదు. ఎవరికి వీలైతే వారు ముందు పోయారు, ఎవరికి వీలైతే వారు వెనకబడ్డారు. వాళ్లకూ ఇళ్లలో పెళ్లాంబిడ్డలు ఉన్నారు.

ఆదివారం పొద్దెక్కాక గువ్వలకుంట మలుపు తిరిగారు. ఊరి మీద పొగ! నల్లగా, లావుగా, పేట ఉన్న వైపు నుంచే లేస్తోంది.

"పాయ" అన్నాడు ఓబులేసు మెల్లగా.

ఒక పిల్ల వెక్కడం మొదలుపెట్టింది. మైకులో మాటిచ్చినందుకు పాలయ్య తన నోటిని తానే శపించుకున్నాడు. బండి ఆగకముందే దూకి పరిగెత్తాడు. పొగలోకి పోయాక అతని ముక్కుకు మసాలా వాసన తగిలింది. రెండు వీధులూ కలిసే చోట ఇంత పెద్ద పొయ్యిలు, వాటి మీద డేగిసాలు, పొట్టేళ్ల కూర. షామియానా కింద కుర్చీల్లో ఇద్దరు పెద్దాయనలు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య అయ్యగారు, మెడలో రెండు దండలతో, ప్రాణాలతో. పేట జనమంతా ఆకుల ముందు కూర్చుని ఉంది. నిన్న రాత్రి నుంచీ అందరూ ఈ పొయ్యిల దగ్గరే ఉన్నారు గనక ఫోను ఎత్తడానికి ఎవరూ ఇంట్లో లేకపోవడం సహజమే.

జరిగింది ఇది. శనివారం సాయంత్రమే కడప నుంచి పోలీసు అధికారులు వచ్చి, అవతలాయన రాజీకి ఒప్పుకున్నాడని ఎగువీధి పెద్దాయనను అభినందించారు. దిగువీధికి పోయి ఆయనకూ అదే చెప్పారు. హైదరాబాదు నుంచి రెండు పార్టీలవాళ్లూ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఇప్పుడు కాదంటే, కాదన్నవాడు చెడ్డవాడూ, అవతలివాడు పెద్దమనిషీ అవుతారు. ఇద్దరికీ చావైనా ఇష్టమే గానీ, అవతలివాడు పెద్దమనిషి కావడం ఇష్టం లేదు. అందుకని ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్నారు.

పాలయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. పేట ఉంది. ఇళ్లున్నాయి. అమ్మ ఆకులో కూర వేయించుకుంటోంది. ఇంత సంతోషం అతనికి ఏ క్రిస్మస్‌కూ కలగలేదు.

"రాప్పా పాలయ్యా" పిలిచాడు ఎగువీధి పెద్దాయన. "మీ పిల్లోల్ల వల్లే మాకు బుద్దొచ్చ. దగ్గరికి రా."

"అంతా దేవుని దయ సామీ" అన్నాడు పాలయ్య చేతులు కట్టుకుని.

"ఇన్నాళ్లూ మీ పేటోళ్లు ఎవురి పక్కా కాదంటిరి. బాగుండాది. ఇప్పుడు మా ఇద్దురిదీ ఒకటే పక్క."

"శానా సంతోషం సామీ."

దిగువీధి పెద్దాయన ఎముక పక్కన పెట్టి చెయ్యి నాకాడు. "ఇంగ ఈ ఊర్లో మా పక్క ల్యాకుండా ఉండేది మీరొక్కరే కదప్పా?"

పందిట్లో వడ్డించేవాడి గరిటె గాల్లో నిలిచింది. పాలయ్య అయ్యగారి వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పి కాపాడమన్నట్టు. అయ్యగారు ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు చెప్పి బతికాడు. నిద్రలో లేపి అడిగినా అదే వచ్చేది. ఇప్పుడూ ఆయన ప్రమేయం లేకుండా అదే నోట్లోంచి వచ్చేసింది.

"మేము ఏ పక్కా కాదయ్యా."

అని, నాలుక కరుచుకున్నాడు. పెద్దాయనలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఏమిటో పాలయ్యకు వాళ్ల కళ్లల్లో కనపడి, దారంతా పడ్డ భయమంతా కలిపినా దీని ముందు చాలదనిపించింది. పేట జనం ఒక్కొక్కరే ఆకుల ముందు నుంచి లేచారు.

సాయంత్రానికి మిషన్‌పేట మొదట్లో పోలీసు పికెట్ దిగింది. గువ్వలకుంటలో మళ్లీ రెండు వర్గాలు ఏర్పడ్డాయి, రెండోదానికి ఇంకా సుమో లేదు.